నేటి అక్కర, రేపటి ఆశ: కొత్త ఆటగాళ్ల బేరం వైపు నుంచి ఫుట్‌బాల్ మేనేజర్ 2024 సమీక్ష

యూరప్ క్లబ్‌లకు బదిలీల గడువు ముగిసే ఆగస్టు చివరి వారంలో ఫుట్‌బాల్ అభిమానులు చేసుకునే వాదనలు చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మనవాళ్లు కొన్నవాడు ఆ ధరకు తగినవాడేనా? వచ్చే శనివారం మైదానంలోకి దిగి జట్టు పరువు నిలపవలసినవాడినీ, మూడేళ్ల తరువాత జట్టుకు వెన్నెముక కావలసినవాడినీ అందరూ ఒకే కొలబద్దతో కొలవబోతారు కనుక ఆ వాదన ఎప్పటికీ తెగదు. ఈ రెండు కొలతలను వేరుచేసి, ఒకదాని పక్కన మరొకటి పెట్టి చూసుకునేలా చేసే వీడియో గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024. మ్యాచ్ దృశ్యాల గురించీ, వ్యూహాల గురించీ ఇప్పటికే ఎన్నో సమీక్షలు వచ్చాయి. అందువల్ల కొత్త ఆటగాడిని కొనేటప్పుడు అతని తక్షణ ప్రయోజనాన్నీ దీర్ఘకాలిక ప్రయోజనాన్నీ బేరీజు వేసుకోవడానికి ఈ ఆట ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూడడానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ఆట గురించి బొత్తిగా తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఇందులో మనం బంతిని తన్నం. మేనేజర్ కుర్చీలో కూర్చొని జట్టును ఎంపిక చేస్తాం, శిక్షణ చూస్తాం, ఆటగాళ్లను కొంటాం, అమ్ముతాం, బోర్డుకు జవాబు చెబుతాం. 1992లో కోలియర్ సోదరులు చాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపు. వారు నెలకొల్పిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ తయారు చేయగా సెగా ప్రచురించిన ఈ 2024 సంచిక 2023 నవంబరు 6న విడుదలైంది. తరువాత రావలసిన 2025 సంచిక పలుమార్లు వాయిదా పడి, చివరికి 2025 ఫిబ్రవరిలో రద్దయింది. 2025 నవంబరు 4న వచ్చిన 2026 సంచిక తెరల అమరికను సమూలంగా మార్చడంతో పాతవాళ్లలో చాలామందికి రుచించలేదు. పాత సంచికను ఇప్పుడు సమీక్షించడానికి నాకున్న అసలు కారణం మాత్రం వేరు. ఈ ఆట మొదలయ్యే 2023 వేసవిలో జరిగిన కొనుగోళ్లు నిజ జీవితంలో ఎలా పరిణమించాయో ఇప్పుడు మన కళ్లముందే ఉంది. ఆట వేసిన అంచనాను నిజంతో పోల్చి చూసే అవకాశం కొత్త సంచికతో దొరకదు.

విషయమంతా స్కౌట్ నివేదిక దగ్గర మొదలవుతుంది. స్కౌట్ అంటే ఆటగాళ్లను వెళ్లి చూసి, క్లబ్‌కు అంచనా రాసిచ్చేవాడు. ఏ ఆటగాడి పేరు మీద నొక్కినా, అతను ఇప్పుడు ఎంతటివాడో చెప్పే నక్షత్రాలు ఒక వరుసలోనూ, ఎంతటివాడు కాగలడో చెప్పే నక్షత్రాలు మరో వరుసలోనూ కనిపిస్తాయి. పాసింగ్, టాక్లింగ్, నిర్ణయ శక్తి, వేగం వంటి లక్షణాలకు 1 నుంచి 20 వరకు అంకెలుంటాయి. అయితే మనవాళ్లు సరిగా చూడని ఆటగాడి విషయంలో ఒక్క అంకెకు బదులు 11 నుంచి 15 అన్నట్టుగా ఒక పరిధి మాత్రమే కనిపిస్తుంది. నక్షత్రాలలోనూ అంతే. కొన్ని పసుపు రంగులో నిండుగా ఉంటే, వాటి పక్కన కొన్ని నల్లగా ఉంటాయి. పసుపువి స్కౌట్ నమ్మకంగా చెబుతున్నవి, నల్లవి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పందొమ్మిదేళ్ల కుర్రాడి పేరు పక్కన రెండు పసుపు నక్షత్రాలూ మూడు నల్ల నక్షత్రాలూ కనిపించినప్పుడు ఆ మూడింటి కోసం ఎంత డబ్బు పెట్టాలన్నదే ఈ ఆటలోని అసలైన జూదం. స్కౌట్‌ను మళ్లీ మళ్లీ పంపినకొద్దీ నలుపు తగ్గుతుంది, కానీ ఈలోగా ఇంకో క్లబ్ వచ్చి బేరం ముగించేస్తుంది. వేచి చూస్తే సమాచారం పెరుగుతుంది, అవకాశం తగ్గుతుంది. ఈ ఒత్తిడిని ఇంత సహజంగా కల్పించిన ఆట నాకు మరొకటి తెలియదు.

ఈ నక్షత్రాలు ఆటగాడి నుదుట శాశ్వతంగా రాసిపెట్టినవి కావన్న సంగతిని కొత్తగా ఆడేవారు తరచు పట్టించుకోరు. అవి మన జట్టులో ఇప్పుడున్నవారితో పోల్చి వేసిన మార్కులు. మాంచెస్టర్ సిటీ మేనేజర్‌కు రెండు నక్షత్రాలుగా కనిపించే ఆటగాడే, రెండో అంచె లీగ్‌లోని క్లబ్‌కు ఐదు నక్షత్రాలుగా కనిపిస్తాడు. పైగా ప్రతి స్కౌట్‌కూ ప్రస్తుత సత్తాను అంచనా వేసే నేర్పు వేరుగా, ఎదుగుదలను అంచనా వేసే నేర్పు వేరుగా ఉంటాయి. మొదటి దానిలో దిట్ట అయినవాడు రెండో దానిలో తేలిపోవచ్చు. నివేదికలో మంచి చెడ్డలుగా విడగొట్టి రాసే వాక్యాలు నక్షత్రాలకంటే ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం. పెద్ద మ్యాచ్‌లలో తడబడతాడనో, గాయాల బెడద ఎక్కువనో, కొత్త దేశంలో కుదురుకోవడానికి సమయం పడుతుందనో ఒక వాక్యం కనబడితే, దాని వెనుక మనకు చూపించకుండా ఆట దాచిపెట్టిన లక్షణం ఒకటి ఉన్నట్టే. కొత్త దేశంలో త్వరగా ఇమిడిపోయే గుణం తక్షణ ప్రయోజనాన్ని నిర్ణయిస్తుంది. వృత్తిపట్ల నిబద్ధత దీర్ఘకాలిక ప్రయోజనాన్ని నిర్ణయిస్తుంది. నక్షత్రాలు చూసి కొన్నవాడికీ, ఈ వాక్యాలు చదివి కొన్నవాడికీ తేడా రెండో సీజన్‌లో తెలుస్తుంది.

ఇక పరీక్షకు వస్తాను. 2023 వేసవిలో లివర్‌పూల్ మధ్య వరుస దాదాపు ఖాళీ అయిపోయింది. మిల్నర్, కైటా, ఆక్స్‌లేడ్ చాంబర్లిన్ ఒప్పందాలు ముగిసి వెళ్లిపోయారు, హెండర్సన్, ఫాబీన్యో సౌదీ క్లబ్‌లకు అమ్ముడుపోయారు. ఆ ఖాళీని నింపడానికి బ్రైటన్ నుంచి అలెక్సిస్ మాక్ అలిస్టర్‌ను సుమారు 3.5 కోట్ల పౌండ్లకు, లైప్‌జిగ్ నుంచి డొమినిక్ సోబోస్లాయ్‌ను సుమారు 6 కోట్ల పౌండ్లకు ముందుగానే తీసుకున్నారు. అసలు చిక్కు రక్షణకు ముందు నిలబడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ దగ్గర వచ్చింది. మోయిసెస్ కైసెడో కోసం బ్రైటన్‌తో ధర కుదిరినా, అతను చెల్సీకే వెళ్తానన్నాడు. అదనపు చెల్లింపులతో కలిపి 11.5 కోట్ల పౌండ్ల వరకు వెళ్లే ధరకు, ఎనిమిదేళ్ల ఒప్పందం మీద చెల్సీ అతన్ని తీసుకుంది. సౌతాంప్టన్ కుర్రాడు రోమెయో లావియా కూడా అదే దారి పట్టాడు. చివరికి లివర్‌పూల్ స్టుట్‌గార్ట్ సారథి, ముప్ఫై ఏళ్ల జపాన్ ఆటగాడు వతారు ఎండోను సుమారు 1.6 కోట్ల పౌండ్లకు తెచ్చుకుంది. గడువు చివరి రోజున బయర్న్ మ్యూనిక్ బెంచీ మీద కూర్చుంటున్న ఇరవై ఒక్కేళ్ల రయాన్ గ్రావెన్‌బెర్క్‌ను సుమారు 3.4 కోట్ల పౌండ్లకు కొన్నది. ఒకే క్లబ్ రెండు వారాల తేడాలో తోటకూర మడీ వేసుకుంది, మామిడి మొక్కా నాటుకుంది. ఈ రెండు పంటలకు కోత కాలాలు వేరని అభిమానులు ఆనాడు ఒప్పుకోలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకుగా ఎండోను, బయర్న్ వద్దనుకున్న సరుకుగా గ్రావెన్‌బెర్క్‌ను తీసిపారేసినవారే ఎక్కువ.

ఈ సంచికలో కొత్తగా చేర్చిన ‘యువర్ వరల్డ్’ అనే ఆరంభ పద్ధతి ఈ పరీక్షకు సరిగ్గా సరిపోతుంది. మనం ఎంచుకున్న ఆరంభ తేదీ తరువాత నిజంగా జరిగిన బదిలీలను ఇది జరగనట్టే ఉంచుతుంది. లివర్‌పూల్‌తో మొదలుపెడితే ఎండో స్టుట్‌గార్ట్‌లోనే, గ్రావెన్‌బెర్క్ మ్యూనిక్‌లోనే, కైసెడో బ్రైటన్‌లోనే, లావియా సౌతాంప్టన్‌లోనే ఉంటారు. నలుగురినీ ఒకే పోలిక పట్టికలోకి తెచ్చి చూస్తే ఆట ఆలోచనా విధానం బయటపడుతుంది. ఎండో విషయంలో ఇప్పటి నక్షత్రాలకూ రేపటి నక్షత్రాలకూ తేడా ఉండదు. ముప్ఫై దాటినవాడు ఎదగడని ఆటకు తెలుసు, కాబట్టి అక్కడ సందిగ్ధం లేదు. అతని ఏకాగ్రత, స్థాన స్పృహ, పనితనం వంటి మానసిక లక్షణాలను చూస్తే మరుసటి వారమే ఆడించవచ్చని అర్థమవుతుంది. గ్రావెన్‌బెర్క్ విషయంలో రెండు వరుసల మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆట అతన్ని ముందుకు కదిలే మిడ్‌ఫీల్డర్‌గానే చూస్తుంది. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ స్థానంలో నిలబెడితే ఆ స్థానంతో పరిచయం చాలదని హెచ్చరిస్తుంది. కైసెడో రెండు వరుసల్లోనూ నిండుగా కనిపిస్తాడు, ధర కూడా అలాగే కనిపిస్తుంది. లావియా పేరు పక్కన మాత్రం ఆశ ఎక్కువ, ఆధారం తక్కువ. నేను ఎండోనూ గ్రావెన్‌బెర్క్‌నూ కలిపి తీసుకున్నాను, మిగిలిన డబ్బును రక్షణ వరుసకు ఖర్చు చేశాను. మొదటి సీజన్‌లో ఎండో జట్టును మోశాడు. రెండో సీజన్ చివరికి అతని వేగం, దమ్ము తగ్గుముఖం పట్టాయి. గ్రావెన్‌బెర్క్ నెమ్మదిగా పుంజుకున్నాడు.

నిజ జీవితంలో కథ ఇంతకు దగ్గరగానే నడిచింది, ఒక్క ముఖ్యమైన మలుపు మినహా. 2024 ఫిబ్రవరి 25న వెంబ్లీలో చెల్సీతో జరిగిన లీగ్ కప్ ఫైనల్లో ఈ వాదన అంతా ఒకే మైదానంలో నిలబడింది. ఇటు ఎండో, గ్రావెన్‌బెర్క్, అటు కైసెడో. కైసెడో కాలు తగిలి గ్రావెన్‌బెర్క్ మొదటి అర్ధభాగంలోనే చీలమండ గాయంతో బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు గాయాలతో దూరమైన ఆ జట్టులో ఎండో అదనపు సమయంలోనూ పరుగెత్తుతూనే ఉన్నాడు, 118వ నిమిషంలో వాన్ డైక్ తలతో కొట్టిన గోల్‌తో కప్పు లివర్‌పూల్‌కు దక్కింది. తక్షణ ప్రయోజనం అనే లెక్కలో ఆ రోజుతోనే ఎండో ధర వసూలైంది. ఆ సీజన్‌లో లావియా లీగ్ మ్యాచ్ ఆడింది ఒక్కసారి, అదీ బెంచీ మీద నుంచి వచ్చి. తరువాతి వేసవిలో కొత్త కోచ్ ఆర్నే స్లాట్ కోరుకున్న స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ మార్టిన్ జుబిమెండి రానన్నాడు. దిక్కుతోచని ఆ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ స్థానంలో స్లాట్ గ్రావెన్‌బెర్క్‌ను నిలబెట్టాడు. అతను 2024-25 సీజన్‌లో దాదాపు ప్రతి మ్యాచ్‌నూ అక్కడి నుంచే ఆడి, ప్రీమియర్ లీగ్ ఉత్తమ యువ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి లివర్‌పూల్ లీగ్ గెలిచేసరికి ఎండో ఆఖరి నిమిషాల్లో ఆధిక్యాన్ని కాపాడడానికి దిగే ఆటగాడయ్యాడు, గ్రావెన్‌బెర్క్ మధ్య వరుసకు ఇరుసయ్యాడు. కైసెడో సంగతి కూడా చెప్పుకోవాలి. వెస్ట్ హామ్‌పై ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ప్రత్యర్థికి పెనాల్టీ ఇచ్చి ఆదిలోనే హంసపాదు అనిపించినా, రెండో ఏడాదికల్లా చెల్సీలో అతను లేని మధ్య వరుసను ఊహించడం కష్టమైంది. అంటే దీర్ఘకాలిక లెక్కలో చెల్సీ కూడా నష్టపోలేదు. ఆ ఫలితం కోసం ఎంత పెట్టుబడి పెట్టి, ఎంతకాలం వేచి ఉందన్నదే తేడా.

ఆటను మెచ్చుకోవలసిన మరో చోటు ఒప్పందం కుదిర్చే తెర. ధర కుదరడంతో పని పూర్తి కాదు. ఆటగాడికి జట్టులో ఏ హోదా ఇస్తామో, అది ఏ సీజన్‌లో ఎలా మారుతుందో అతని ఏజెంటుకు అక్కడ మాట ఇవ్వాలి. గ్రావెన్‌బెర్క్ వంటివాడికి మొదటి ఏడాది ఎదుగుతున్న ఆటగాడి హోదా, రెండో ఏడాది నుంచి క్రమం తప్పకుండా ఆడే హోదా అని మెట్లు మెట్లుగా రాసుకోవచ్చు. ఇక్కడ ఉదారంగా మాట ఇచ్చి బేరం త్వరగా ముగించుకోవాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. ఆ మాట తప్పితే ఆటగాడు నేరుగా మన గదికి వచ్చి అడుగుతాడు, సరైన జవాబు దొరక్కపోతే డ్రెస్సింగ్ రూమ్‌లో అతని స్నేహితులు కూడా ముఖం మాడ్చుకుంటారు. ధరను వాయిదాలలో చెల్లించడం, ఇన్ని మ్యాచ్‌లు ఆడితే ఇంత అని అదనపు మొత్తాన్ని షరతుగా పెట్టడం, తిరిగి అమ్మినప్పుడు పాత క్లబ్‌కు వాటా ఇవ్వడం వంటి మార్గాలన్నీ ఉన్నాయి. వయసు మళ్లినవాడికి షరతులు తక్కువ, జీతం ఎక్కువ. కుర్రాడికి జీతం తక్కువ, షరతులు ఎక్కువ. ఏది ఎవరికి నప్పుతుందో ఒకటి రెండు సీజన్లలోనే ఒంటబడుతుంది. చెల్సీ పద్ధతిలో ఎనిమిదేళ్ల ఒప్పందాలు రాసి, కొన్న ధరను ఖాతాల్లో ఒప్పందం ఉన్నన్ని ఏళ్ల మీద పరిచే లెక్కలకు మాత్రం ఇక్కడ పెద్దగా చోటు లేదు. నిజ జీవితంలో ప్రీమియర్ లీగ్ క్లబ్‌లు 2023 డిసెంబరులో ఓటు వేసి ఆ లెక్కను ఐదేళ్లకు కుదించుకున్నాయి కనుక, అది పెద్ద లోటేమీ కాదు.

తక్షణ ప్రయోజనం కోసం కొన్న ఆటగాడి బరువు ఆ ప్రయోజనం తీరిన తరువాత కూడా క్లబ్ మెడమీద ఉంటుందని ఈ ఆట చాలా కచ్చితంగా చూపిస్తుంది. బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ కాసెమిరో ఉదాహరణ తీసుకోండి. 2022 ఆగస్టులో ముప్ఫై ఏళ్ల వయసులో, 6 కోట్ల పౌండ్లకు పైబడిన ధరకు, నాలుగేళ్ల ఒప్పందం మీద మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు. మొదటి సీజన్‌లో న్యూకాసిల్‌పై లీగ్ కప్ ఫైనల్లో తొలి గోల్ కొట్టాడు, జట్టు లీగ్‌లో మూడో స్థానంలో నిలిచింది. రెండో సీజన్ చివరికి, 2024 మేలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 4-0తో ఓడిన రాత్రి, రక్షణ వరుసలో నిలబడి కుర్రాళ్ల వెనుక పరుగెత్తలేక సతమతమయ్యాడు. కప్ ఫైనల్‌కూ ఆ రాత్రికీ మధ్య గడిచింది సుమారు పద్నాలుగు నెలలే. ఆటలో ఈ స్థితికి వచ్చిన ఆటగాడిని వదిలించుకోవడం ఒకప్పుడు అసాధ్యంగా ఉండేది. ఈ సంచికలో ఇంటర్మీడియరీ అనే మధ్యవర్తి వచ్చాడు. అతనికి కమీషన్ ఇస్తే కొనేవాళ్లను వెతికిపెడతాడు, ఎంత వస్తుందో ముందే చెబుతాడు. కానీ జీతం చూసి కొనేవాళ్లు వెనకడుగు వేస్తారు, నిజంలోనూ జరిగేది అదే. ముప్ఫై దాటినవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదని కూడా చెప్పాలి. అదే వయసులో బయర్న్‌కు వెళ్లిన హ్యారీ కేన్ జర్మనీ లీగ్ బుండెస్‌లిగాలో మొదటి సీజన్‌లోనే 36 గోల్స్ కొట్టాడు, రెండో సీజన్‌లో లీగ్ గెలిచాడు. వేగం మీద బతికేవాడు తొందరగా తగ్గుతాడు, తల వాడి ఆడేవాడు నిలుస్తాడు. ఆటలో శారీరక లక్షణాలు ముందు పడిపోయి, మానసిక లక్షణాలు నిలబడడం ఈ తేడాను బాగా పట్టుకుంది.

స్క్వాడ్ ప్లానర్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ సీజన్, వచ్చే సీజన్, ఆపై సీజన్ అనే మూడు పేజీలలో ప్రతి స్థానానికీ మన మనసులో ఉన్న పేర్లను వరుసగా రాసుకోవచ్చు. ఎండో పేరు మొదటి పేజీలో పైన, మూడో పేజీలో ఎక్కడా లేకుండా ఉండడమే సరైన ప్రణాళిక. ఆ పట్టిక పక్కన ఆటగాళ్ల వయసు పంపిణీ కూడా చూసుకోవచ్చు. సగం జట్టు ఒకేసారి ముప్ఫై దాటబోతున్నదని రెండేళ్ల ముందే తెలుస్తుంది. పేర్లను లాగి పెట్టడం విసుగు పుట్టించే పని, వేరే క్లబ్‌కు తాత్కాలికంగా అప్పు మీద పంపిన కుర్రాళ్లు ఆ పట్టికలో ఎక్కడున్నారో వెతుక్కోవాలి. అయినా ప్రతి వేసవి ఆరంభంలో ఒక గంట దాని మీద గడిపితే ఆగస్టు చివరి రోజున బెంబేలెత్తి అడ్డదిడ్డంగా కొనవలసిన అవసరం రాదు.

ఇక ఆట మీద నాకున్న పెద్ద అభ్యంతరం. ప్రతి ఆటగాడికీ తెర వెనుక 1 నుంచి 200 వరకు ప్రస్తుత సామర్థ్యపు అంకె ఒకటి, అంతిమ సామర్థ్యపు అంకె ఒకటి ఉంటాయి. ప్రస్తుతం మారుతూ ఉంటుంది, అంతిమం మారదు. మరీ చిన్న కుర్రాళ్ల విషయంలో ఆట తయారీ సంస్థ పరిశోధకులు కచ్చితమైన అంకె బదులు ఒక శ్రేణిని ఇస్తారు, కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు ఆ శ్రేణిలోంచి ఒక అంకె తేలుతుంది. ఆ తరువాత అది రాతిమీద రాసినట్టే. ఎంత మంచి కోచ్ చేతిలో పడినా, ఎన్ని మ్యాచ్‌లు ఆడినా ఆ పైకప్పును దాటలేడు. నిజమైన ఫుట్‌బాల్‌లో పైకప్పు అంత ముందుగా కట్టి ఉండదు. కోల్ పామర్ 2023 సెప్టెంబరు 1న మాంచెస్టర్ సిటీ నుంచి సుమారు 4 కోట్ల పౌండ్లకు చెల్సీకి వచ్చినప్పుడు అతను రేపటి కోసం కొన్న ఆటగాడని అందరూ అనుకున్నారు. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. సిటీ బెంచీ మీద కనిపించని ఆటగాడు చెల్సీలో పుట్టాడనడం సరికాదు, అతనికి ఆటను నడిపే బాధ్యత దొరికిందంతే. గ్రావెన్‌బెర్క్ విషయమూ ఇదే. పదహారేళ్లకే పాత తరం దిగ్గజం సీడార్ఫ్ రికార్డును దాటి నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ తరఫున లీగ్‌లో ఆడిన అతి చిన్న వయస్కుడైన అతన్ని మ్యూనిక్‌లో రెండు సీజన్లు గడవకముందే వదులుకున్నారు. లివర్‌పూల్‌లో స్థానం మార్చగానే ఇంగ్లండ్‌లోని ఉత్తమ మిడ్‌ఫీల్డర్లలో ఒకడయ్యాడు. ఆటలో స్థానం మార్చి శిక్షణ ఇవ్వవచ్చు, నేనూ ఇచ్చాను. పరిచయం పెరిగింది, కానీ సహజంగా ఆ స్థానంలో పెరిగినవాడిని మించలేదు. నిజం ఇచ్చిన ఆశ్చర్యాన్ని ఆట ఇవ్వలేకపోయింది. ఆటతోపాటు దొరికే ఎడిటర్‌తో ఆ రహస్యపు అంకెలను చూడడానికి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చూసిన మరుక్షణం నల్ల నక్షత్రాల మీద జూదం ఆడే సరదా చచ్చిపోతుంది, జట్టు నిర్మాణం కిరాణా చీటీ రాసుకోవడంతో సమానమవుతుంది.

మన ప్రాంతం పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఇందులో ఇండియన్ సూపర్ లీగ్‌ను ఎంచుకొని హైదరాబాద్ ఎఫ్‌సీ పగ్గాలు చేపట్టవచ్చు. తక్షణం, దీర్ఘకాలం అనే వాదనకు ఆ క్లబ్ చరిత్రకంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకదు. 2020లో భారత ఫుట్‌బాల్ సమాఖ్య కుర్రాళ్ల జట్టు ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రా వంటి కుర్రాళ్లను కోచ్ మనోలో మార్కెజ్ క్రమం తప్పకుండా ఆడించి పెంచాడు. లిస్టన్ కొలాసో ఇక్కడ మెరిసి 2021లో మంచి ధరకు కోల్‌కతాకు వెళ్లాడు. అదే ఏడాది ముప్ఫై ఆరేళ్ల నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఓగ్బెచేను తీసుకున్నప్పుడు పెదవి విరిచినవారు ఎందరో. అతను 18 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి హైదరాబాద్ కప్పు గెలిచింది. మైదానంలో నలుగురు విదేశీయులకే చోటున్న లీగ్‌లో ఒక స్థానాన్ని ఒకటి రెండేళ్ల కోసం వృద్ధ సింహానికి ఇచ్చి, భారత కుర్రాళ్ల స్థానాలను ఐదేళ్ల దృష్టితో నింపడం తెలివైన పని. ఆటలోనూ ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. అక్కడ పెద్దగా డబ్బు ఉండదు కాబట్టి ఒక్క విదేశీ ఆటగాడి ఎంపిక తప్పితే సీజన్ మొత్తం దెబ్బతింటుంది. అయితే 2023-24లో క్లబ్ ఆర్థికంగా కుదేలై, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, జట్టు పట్టిక అడుగుకు చేరిన తీరును ఏ ప్రణాళికా ఊహించలేదు. ఆటలో బోర్డు బడ్జెట్ తగ్గిస్తుంది, ఉత్తరాలు రాస్తుంది, కానీ గచ్చిబౌలి అభిమానులు చూసినంత కఠినంగా ఉండదు. ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోవడంతో, బాలయోగి స్టేడియంలో ఆ పసుపు చొక్కాలను నడిపించడానికి ఇప్పుడు మిగిలిన మార్గం బహుశా ఈ పాత సంచికే.

కొనాలనుకునేవారికి కొన్ని ఆచరణ విషయాలు. ఈ ఆటకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. ఎక్కువ దేశాల లీగ్‌లు ఒకేసారి ఎంచుకుంటే మాత్రం ఒక్కో రోజు గడవడానికి ఓపిక నశించేంత సమయం పడుతుంది. ఒక దేశం, దాని రెండు మూడు అంచెలతో మొదలుపెట్టడం మేలు. తెలుగు భాష అందుబాటులో లేదు, ఇంగ్లీషులో చదవవలసినది చాలా ఉంది. దీని మొబైల్ సంచిక నెట్‌ఫ్లిక్స్ చందాదారుల కోసం వచ్చింది, కానీ అందులో స్కౌటింగ్ బాగా పలుచన చేశారు. ఈ సమీక్షలో మెచ్చుకున్న విషయాలలో సగం అక్కడ కనిపించవు, కాబట్టి ఫోన్‌లో ఆడి ఆటను తూచకండి. ఒక మ్యాచ్ గెలిచిన ఆనందం వెంటనే కావాలనుకునేవారికి ఇది తగదు. మొదటి సీజన్‌లో సగం సమయం నివేదికలు చదవడంతోనే గడుస్తుంది.

అంతిమ సామర్థ్యాన్ని ముందే ఖరారు చేసే పద్ధతి మారనంతవరకు దీన్ని భవిష్యత్తు చెప్పే సాధనంగా నమ్మను. కానీ కొత్త ఆటగాడిని ఏ కాలానికి కొంటున్నామో, ఆ కాలం ముగిశాక అతని జీతం ఎవరు మోస్తారో, ఆలోగా అతని స్థానంలోకి ఎవరిని పెంచుతున్నామో అడిగేలా చేయడంలో దీనికి సాటి లేదు. 2026 సంచికలో ప్రీమియర్ లీగ్ అధికారిక లైసెన్సు, మహిళల ఫుట్‌బాల్ కొత్తగా చేరాయి. అవి ముఖ్యమనుకునేవారు దానివైపే వెళ్లవచ్చు. బదిలీల బేరమే ప్రధానమనుకునేవారు 2024 సంచిక ఎక్కడైనా దొరికితే తీసుకొని, యువర్ వరల్డ్ పద్ధతిలో 2023 వేసవి నుంచి మొదలుపెట్టడం మంచిది. మొదటి జట్టుగా లివర్‌పూల్ కంటే బ్రైటన్‌ను ఎంచుకోమంటాను. కైసెడోను అమ్మాలా వద్దా, అమ్మితే ఆ డబ్బుతో ఇవాళ్టి ఆటగాడిని కొనాలా రేపటి కుర్రాళ్లను కొనాలా అన్న సమస్య మొదటి నెలలోనే మీ బల్ల మీదికి వస్తుంది.